చౌడమ్మ సత్రంలో మొదటి తాంబూలం

గురుస్వామి చేసిన పనికి తగిన తిట్టు కోడుమూరు మద్దయ్యకు ఇంతవరకూ దొరకలేదు. గురుస్వామి కొట్టినవాడు కాదు, దోచినవాడు కాదు, ఎవరి చెవిలోనూ చాడీ ఊదినవాడు కాదు. సత్రం చూసుకునే మనిషి, తొమ్మిదేండ్లుగా ఒకటే పని చేస్తూ వచ్చినాడు. కర్నూలు చౌడమ్మ సత్రంలో అమాస సాయంత్రం కులపెద్దలు కూచున్నప్పుడల్లా తట్టలోంచి మొదటి తాంబూలం తీసి పైకెత్తి, "ఇది కోడుమూరు గిడ్డయ్య ఇంటిది. తీసుకునేవాళ్ళు రాలేదు" అని మెత్తగా, అందరికీ వినపడేటట్లు చెప్పి, తీసుకపోయి అమ్మవారి పాదాల కాడ పెట్టేవాడు. అంతే. తిట్టింటే తిరిగి తిట్టొచ్చు. ఆకులూ వక్కలూ దేవత ముందర పెట్టేవాణ్ణి ఏమని తిట్టేది?

కానీ ఆ మాట మగ్గం ఉన్న ప్రతి ఊరికీ నడిచిపోయింది. పత్తికొండ సంతలో నూలు బేరం చేస్తాంటే, "ఓహో, గిడ్డయ్య కొడుకువా" అంటారు. ఆ "ఓహో"లో ఏముందో మద్దయ్యకు తెలుసు.

గిడ్డయ్య మద్దయ్య తండ్రి. సత్రానికి ముగ్గు పోసిన రోజు ఆయన పదిమంది ముందర లేచి, "మన కులంవాడు ఎవడు టౌనుకొచ్చినా కడుపునిండా తినిపోవల్ల. హంద్రి ఒడ్డున నా చేను ఈ సత్రం పొయ్యికి ఇస్తాండా" అన్నాడు. చప్పట్లు కొట్టినారు. సత్రంలో మొదటి తాంబూలం ఆ ఇంటిదేనని కట్టుబాటు చేసినారు. కాగితం రాయకముందే గిడ్డయ్య జరమొచ్చి పోయినాడు.

నేసేవాళ్ళలో ఆ కట్టుబాటు తిరకాసుది. తండ్రి ఇచ్చిన మాటకు కొడుకును కట్టిపడేయరు. కొడుకు తనంతట తానే లేచి ఆ తాంబూలం చేతికి తీసుకుంటే ఇచ్చినట్లు, తీసుకోకపోతే ఇయ్యనట్లు. తీసుకోమని అడగకూడదు, చేతిలో పెట్టకూడదు. మద్దయ్య తీసుకోలేదు. ఆయన లెక్క ఆయనకుంది. తండ్రి చప్పట్లకు ఇచ్చినాడు, అన్నం తినాల్సింది కొడుకు. నూలు ధర పెరిగి మగ్గాలు పడుకున్న ఏడు ఇంట్లో పొయ్యి రాజిందంటే ఆ చేలోని కొర్రలతో, మిరపకాయలతోనే. ఒకసారి చెయ్యి చాపితే ఆ చేను పోతుంది. అందుకే సత్రం గడప తొక్కలేదు. కర్నూల్లో పనుంటే పొద్దున పోయి పొద్దుగూకే లోపల తిరిగొచ్చేవాడు.

అట్లాంటి మనిషిని సుంకమ్మ ఇరకాటంలో పెట్టింది.

అమాసకు రెండు రోజుల ముందు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం ఆపి, "ఏమయ్యా, ఈ అమాసకన్నా నాకు కర్నూలు చూపిస్తావా, నేను పోయినాక చూపిస్తావా?" అంది.

"పోయినాక యాడ చూస్తావే?"

"అందుకే ఇప్పుడే చూపియ్యమంటాండా. కాపురానికొచ్చి ముప్పై ఏండ్లాయ. రైలు యా పక్క నుంచి యా పక్కకు పోతాదో కూడా తెల్దు నాకు."

అమాసకు మగ్గం ముట్టరు. పనుందని తప్పించుకునే దారి లేదు. మద్దయ్య మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసి, పడుగు పోగుల్ని ఊరికే ఒకసారి తట్టి, "సరే పోదాం. కానీ సత్రంలో దిగేది లేదు. హోటల్లో దిగుదాం" అన్నాడు.

"హోటల్లోనా? మనకు సత్రం ఉండగా?"

"ఆ మాట ఇంకోసారి ఎత్తినావంటే ప్రయాణమే లేదు. దుడ్లిచ్చి, దొరల మాదిరి తలుపుకు బీగం వేసుకొని పండుకుందాం."

సుంకమ్మకు బీగం మాట బాగా నచ్చింది. ఇంట్లో ఆరుమంది మధ్య పండుకునే మనిషి.

*

చతుర్దశి పొద్దున మోటారు దిగినప్పటి నుంచే మద్దయ్యకు కాలు ఒకచోట నిలవలేదు. మూట ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీదికి మారుస్తూ, ఎదురొచ్చే ప్రతి తలపాగా వైపూ చూస్తూ నడిచినాడు. వాడు కులంవాడేమో, గుర్తుపడతాడేమో, పోయి గురుస్వామికి చెబుతాడేమో.

మోటార్లు ఆగేచోటికి ఎదురుగానే ఒక కాఫీ హోటలుంది. మేడ మీద గదులున్నాయి. కిటికీలకు ఆకుపచ్చ రంగు. గల్లాపెట్టె ముందర కూచున్న సామి తల ఎత్తకుండానే అడిగినాడు.

"ఏం కులం?"

"నేసేవాళ్ళం సామీ. గది కావల్ల. రెండు రోజులు."

"గదులు బ్రాహ్మలకే. కాఫీ కావాలంటే ఆ పక్క సందులో కిటికీ ఉంది, అక్కడ పోస్తారు."

సుంకమ్మకు ఆ వాసన ముక్కుకు బాగా తగిలింది. "కాఫీ అన్నా తాగుదామయ్యా, ఎట్ల ఉంటాదో."

"పా."

"ఒక్క లోటా..."

"నేను నేసిన పంచ కట్టుకొని కూచున్నాడు వాడు. అంచు చూస్తేనే తెలుస్తాంది. నాకు కిటికీలోంచి పోస్తాడంట. పా!"

రెండో చోటు కోట బురుజు దగ్గర బాటసారులు దిగే సరాయి. గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒక ముసలి సాయెబు నులక మంచం మీది నుంచి లేచి మరీ మర్యాద చేసినాడు. "రాప్పా, కూచో. నీళ్ళు తాగుతావా?" మద్దయ్యకు ప్రాణం కుదుటపడింది. అయితే సాయెబు లోపలికి చెయ్యి చూపించి, "జాగా శానా ఉండాది. కానీ అంతా ఒకటే సావిడి. బండ్లోళ్ళు, మేకల బేపారులు, గుర్రాలు. ఆడమనిషిని ఈడ పండుకోబెట్టమంటే నాకే మర్యాద కాదు" అన్నాడు. తప్పేమీ అనలేదు. అయినా మద్దయ్య బయటికొచ్చి, "లేదని చెప్పేదానికి నీళ్ళు పోసేదెందుకు?" అని గొణిగినాడు.

అట్ల మూటతోనే బురుజు చూసినారు. సుంకమ్మ మెడ వెనక్కి వంచి, కొంగు జారిపోతాంటే పట్టుకొని, పైకి చూసింది.

"ఇంత ఎత్తు కట్టి పైన ఏం చేస్తారయ్యా?"

"కూచోని చూస్తారు, ఊళ్ళోకి ఎవరొస్తాండారో."

"గది దొరకనోళ్ళనా?"

మద్దయ్యకు నవ్వు రాలేదు. నీడన నిలబడిన మనిషి ఒకడు తమవైపే చూస్తాండాడని అనిపించి పెండ్లాం చెయ్యి పట్టి లాగినాడు. సుంకమ్మ ఆ బురుజు చుట్టూ ఒక సుట్టు తిరగాలనుకుంది. సగం సుట్టు కూడా కాలేదు.

మూడో చోటు స్టేషను రోడ్డులో దొరికింది. కొత్తగా కట్టిన మిద్దె. సున్నం వాసన ఇంకా పోలేదు. ఒక నాయుడు నడుపుతాండాడు. కులం అడగలేదు. మెట్లెక్కించి గది చూపించినాడు. ఇనప మంచం, గోడకు మూరెడు అద్దం, నీళ్ళకు కూజా, తలుపుకు ఇత్తడి బీగం. కిటికీ రెక్క తోస్తే అవతల రైలు పట్టాలు.

సుంకమ్మ మంచం మీద కూచుంది. స్ప్రింగులు కిర్రుమంటే లేచింది. మళ్ళీ కూచుంది. "ఏమయ్యో, ఇది పైకి తోస్తాది!" అని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. బీగం చెవి తీసుకొని ఒకసారి వేసి, ఒకసారి తీసి చూసుకుంది. ఆ గదిలో ఆమె ముఖం చూస్తే ముప్పై ఏండ్ల కండెల దుమ్ము కడుక్కున్నట్లుంది. మద్దయ్య కూడా మూట దించినాడు.

నాయుడు గడపలోనే నిలబడి అడిగినాడు. "యా ఊరు?"

"కోడుమూరు."

"ఏం పని మీద?"

"ఊరు చూసేదానికి."

"నేసేవాళ్ళ మాదిరి ఉండారే. మీకు బ్రహ్మాండమైన సత్రం ఉండాది కదప్పా. తిండి ఉత్తిదే, పడక ఉత్తిదే. మీవాళ్ళు ఒక్కరు కూడా ఈడికి రారు. దాన్ని ఇడిచిపెట్టి ఈడికొచ్చినారంటే..." నాయుడు సుంకమ్మ వైపు ఒకసారి, మూట వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించినాడు. "పెండ్లామేనా?"

సుంకమ్మ పకపక నవ్వింది. "ల్యాదన్నా, నన్ను లేపుకొచ్చినాడు. ముప్పై ఏండ్ల కిందట. ఇప్పుడు టౌను చేరినాం."

నాయుడు కూడా నవ్వేసి, తల గోక్కొని, "తప్పుగా అనుకోవద్దమ్మా. పోలీసోళ్ళు వచ్చి అడుగుతాంటారు" అన్నాడు. వ్యవహారం అక్కడితో సర్దుకుపోయేది. గది వాళ్ళదయ్యేది. పెండ్లాం మంచం మీద కూచునే ఉంది.

కానీ మద్దయ్య చెవుల్లో "మీవాళ్ళు ఒక్కరు కూడా ఈడికి రారు" అన్నదొకటే మిగిలింది. సత్రం లేనివాడు. కులంలోంచి జారినవాడు. స్టేషను రోడ్డులో గది అమ్ముకునేవాడికి కూడా తెలిసిపోయిందే! పెండ్లాం చేతిలోంచి బీగం చెవి గుంజుకొని నాయుడి కాళ్ళ కాడ విసిరేసినాడు.

"నా పెండ్లామా కాదా అని నీకు పత్రం రాసియ్యల్లనా? లేయే!"

"ఏమయ్యా, ఆయన నవ్వులాటకు..."

"లేస్తావా ల్యాదా?"

సుంకమ్మ లేచింది. పోతా పోతా మంచాన్ని ఒకసారి చేత్తో అదిమి చూసింది.

*

మధ్యాహ్నం దాటిపోయింది. తుంగభద్ర ఒడ్డున బొరుగులు తిని నీళ్ళు తాగినారు. ఎండకు రాళ్ళు కాలుతాండాయి. ఏట్లో నీళ్ళు రెండు మూడు పాయలుగా, మిగిలినదంతా బండలూ ఇసకా. సుంకమ్మ కాళ్ళు చాపి అరికాళ్ళు పిసుక్కుంది. అది చూసి మద్దయ్యకు ఇంకా చిరాకు. లేచి నాలుగడుగులు వేసేవాడు, వచ్చి కూచునేవాడు, మళ్ళీ లేచేవాడు. "పత్తి మిల్లు కాడ ఎవరన్నా ఇస్తారేమో అడుగుదామా" అనేవాడు, వెంటనే తనే "వద్దులే, ఆడ గురుస్వామి మనుషులుంటారు" అనేవాడు.

అప్పుడు వంతెన మీదికి రైలొచ్చింది. సుంకమ్మ గబుక్కున లేచి నిలబడింది. నల్లటి పొగ, ఇనప చప్పుడు, కిటికీల్లో తలకాయలు. అది అవతలి ఒడ్డు దాటి కనుమరుగైందాకా రెండు చేతులూ నడుముకు పెట్టుకొని చూసింది. "ఆ పక్కకు పోయింది" అంది, ఎవరో పందెం వేసినట్లు. రోజు మొత్తంలో ఆమె పూర్తిగా చూసింది అదొక్కటే.

"మద్దయ్య బావా!"

మద్దయ్య తిరిగి చూసినాడు. వెనక గొడుగు పట్టుకొని గురుస్వామి. సాయంత్రం స్నానానికొచ్చినాడు. భుజాన తువ్వాల, నొసట కుంకం. నూలు అంగడి ఉన్న మనిషి, ఒంటికి నీడపట్టున ఉండే రంగు. మూట చూసినాడు, సుంకమ్మ కాళ్ళకంటిన దుమ్ము చూసినాడు. ఎప్పుడొచ్చినారని గానీ, యాడ దిగినారని గానీ అడగలేదు.

"అక్కా, బాగుండావా? ఎండలో ఏల తిరుగుతాండారు? పదండి ఇంటికి."

ఇల్లు అన్నాడు, సత్రం అనలేదు.

"మాకు వేరే చోటుండాది" అన్నాడు మద్దయ్య.

"యాడ?"

సుంకమ్మ బండ మీద చతికిలబడింది. "యాడా లేదు తమ్ముడూ. మూడు చోట్ల అయింది. నాలుగో చోటికి నా కాళ్ళు రావు. ఆయప్ప పోతే పోనీ. నేను మా కులం సత్రానికే పోతా."

గురుస్వామి మూట తీసుకోబోతే మద్దయ్య వెనక్కి గుంజుకున్నాడు. మూట మోస్తూనే వెంట నడిచినాడు. దారంతా పెండ్లాం చెవిలో ఒకటే గొణుగుతూ పోయినాడు. కాగితం పెడితే వేలు ముద్ర వేసేది లేదు. పెద్దల ముందర కూచోమంటే కూచునేది లేదు. తాంబూలం వైపు చూసేది లేదు. పండుకునేదే, లేచిపోయేదే.

సత్రంలో వేన్నీళ్ళు పెట్టించినారు. గురుస్వామి దగ్గర నిలబడి వడ్డించినాడు. ఉడుకుడుకు అన్నం, గోంగూర పప్పు, మజ్జిగ. "ఇంకొంచెం వేసుకో బావా" అన్నాడు తప్ప చేను అన్న మాట నోట రాలేదు. మద్దయ్య తొమ్మిదేండ్లుగా జవాబులు నూరి పెట్టుకున్నాడు. మా నాయన ఆవేశంలో అన్నాడు, నా పిల్లలు ఏం తినల్ల, నీ అంగడి ఎందుకు ఇయ్యవు సత్రానికి అని. ఒక్క జవాబుకూ ప్రశ్న రాలేదు. పడుకోబోయే ముందు గోడలకున్న బండలన్నీ తిరిగి చూసినాడు. స్తంభం ఇచ్చినవాడి పేరు, గడపమాను ఇచ్చినవాడి పేరు, గంట ఇచ్చినవాడి పేరు చెక్కినారు. గిడ్డయ్య పేరు లేదు. లేకపోవడం న్యాయమే. అయినా నిద్ర పట్టలేదు.

*

అమాస పొద్దున సుంకమ్మ కొత్త చీర కట్టుకొని తయారైంది. "ఈ పొద్దన్నా నెమ్మదిగా చూపియ్యి."

హంద్రి ఒడ్డునున్న నవాబు గుమ్మటానికి పోయినారు. లోపల చల్లగా ఉంది. సుంకమ్మ గొంతు విప్పి "ఓ" అంటే పైనుంచి ఎవరో "ఓ" అన్నట్లు వచ్చింది. ఆమె ఇంకోసారి అంది. మద్దయ్య బయట నిలబడి ఏరు చూస్తాండాడు. ఎండిన ఇసక, నడుమ సన్నటి నీటి చార.

"ఇది మన హంద్రే" అన్నాడు.

"ఔను కదా! మన చేను కాడినుంచి వచ్చిందే."

"పైనుంచి వానొస్తే మన గట్టు కోసుకొని మట్టి తెచ్చి ఈడ పోస్తాది. మన మట్టే ఇది."

సుంకమ్మ ఆయన ముఖం చూసింది. "ఏమయ్యా, ఎవరూ ఏమీ అడగల్యా కదా నిన్ను. ఏల అట్ల ఉడికిపోతాండావు?"

"అడగల్యా కాబట్టే."

తర్వాత కాలవ చూసినారు. గట్టు మీద గడ్డి పచ్చగా ఉంది. నీళ్ళు నిండుగా, చప్పుడు లేకుండా జరుగుతాండాయి. అన్ని నీళ్ళు ఒకేచోట సుంకమ్మ ఎప్పుడూ చూళ్ళేదు.

"ఇన్ని నీళ్ళు యాడికి పోతాండాయి?"

"కడప దిక్కుకంట."

"మనకు?"

"మనకు చూసేదానికి."

అక్కడ కూడా కూచోనియ్యలేదు. ఆమె కాళ్ళు నీళ్ళలో పెట్టిందో లేదో, "మోటారు యాళైతాంది" అని లేపినాడు. సత్రానికొచ్చి మూట కట్టినారు. మధ్యాహ్నం మోటారుకు ఇంకా సమయముంది. సుంకమ్మ చెప్పులేసుకొని గడపలో నిలబడింది. అంతలో బండ్లు దిగడం మొదలైంది. పత్తికొండవాళ్ళు, ఎమ్మిగనూరువాళ్ళు, ఆదోనివాళ్ళు. అమాస పూజకు కులపెద్దలు. ఒక్కొక్కరూ కాళ్ళు కడుక్కుంటూ మద్దయ్యను చూసి, మాట ఆపి, మళ్ళీ మాట మొదలుపెట్టినారు.

"పదయ్యా" అంది సుంకమ్మ. "చూడాల్సింది చూసినాం. పోదాం."

మద్దయ్య కదల్లేదు.

"నిన్ననే కదా, తాంబూలం వైపు చూసేది లేదంటివి."

"చూడను. ఊరికే ఇంటా. ఇంతకాలమూ నా ఎనక ఏమనుకుంటాండారో ఈ ఒక్కసారి నా చెవులతో ఇంటా. సాయంత్రం మోటారుకు పోదాం."

"ఇని ఏం చేస్తావు?"

"ఇంటా."

సుంకమ్మ చెప్పులు విడిచి మూట మీదనే కూచుంది. "నేను చెప్తాండా. నీ చెయ్యి నీ మాట ఇనదు. నిన్న బీగం చెవి చూసినా కదా" అంది.

*

పొద్దు వాలేసరికి చౌడమ్మకు హారతి అయింది. సావిట్లో జంబుఖానా పరిచినారు. పెద్దలు వరసగా గోడకానుకొని కూచున్నారు. ఆడవాళ్ళు అవతల తలుపు కాడ. మద్దయ్య అందరికీ దూరంగా, వెనక స్తంభం నీడలో, అతిథి కూచున్నట్లు గొంతుకూచున్నాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

గురుస్వామి తట్ట తెచ్చి నడుమ పెట్టినాడు. తమలపాకులు, వక్కలు, పైన ఒక్కొక్క అరటిపండు. మొదటి తాంబూలం చేతికెత్తినాడు. ఇప్పుడంటాడు, "తీసుకునేవాళ్ళు రాలేదు" అని. ఈ పొద్దు ఆ మాట ఎట్లంటాడో చూద్దాం, మనిషి ఎదురుగా ఉండగా.

గురుస్వామి ఆ మాట అనలేదు.

"పెద్దలారా, ఈ తాంబూలం తొమ్మిదేండ్లుగా అమ్మవారి పాదాల కాడ ఎండుతాండాది. ఎవరినీ అడిగింది లేదు, అడగబోయేది లేదు. అది మన కట్టుబాటు. అయితే సత్రం పొయ్యికి ఏటా రెండు బండ్ల జొన్నలు తోలుతాండేది పత్తికొండ పెద్ద ఈరన్న. ఈ అమాసతో మొదటి తాంబూలం ఆయన ఇంటికి మార్చల్లని మీరంతా అనుకున్నారు. నేను మీ మాట చెప్తాండా, అంతే."

వరసలోంచి "సరే, సరే" అన్నారు. ఒక ముసలాయన మాత్రం, "గిడ్డయ్య పేరు పోతాదే పాపం" అన్నాడు.

మద్దయ్య స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగినాడు. మంచిదే అనుకున్నాడు. పీడ పోయింది. ఇంక ప్రతి అమాసకూ నా ఇంటి పేరు ఎత్తరు. చేను చేనుగా ఉంటాది. ఆకులు, వక్కలు, పోతే పోనీ. అవతలి తలుపు కాడినుంచి సుంకమ్మ కూడా ఆయన్నే చూస్తాంది. ఆమెకు తల ఊపినాడు, ఫరవాలేదన్నట్లు.

పెద్ద ఈరన్న లేచినాడు. భారీ మనిషి. తలపాగా సర్దుకొని, మీసం మీద చెయ్యి వేసి, నవ్వుతూ ముందుకొచ్చినాడు. రెండడుగులు వేసి ఆగి, స్తంభం వైపు చూడకుండానే అన్నాడు.

"నాకేం ఆశ లేదప్పా. కానీ ఏం చేద్దాం. ఆ ఇంట్లో చెయ్యి చాపే మొగోడు లేకపాయ. ఉండే ఒక్కడూ ఊరికే దొరికే ఉత్తన్నం తినేదానికి వస్తాడాయ."

నలుగురు నవ్వినారు. గట్టిగా కాదు. సన్నగా, తలలు దించుకొని.

తర్వాత ఏం జరిగిందని అడిగితే మద్దయ్య ఇప్పటికీ వరసగా చెప్పలేడు. స్తంభం కాడినుంచి తట్ట కాడికి ఎట్ల పోయినాడో తెలీదు. జంబుఖానా కాలికి చుట్టుకొని ముందుకు తూలడం ఒకటి గుర్తుంది. ఈరన్న చాపిన చేతిని పక్కకు తోసి, గురుస్వామి చేతిలోంచి తాంబూలం లాక్కున్నాడు.

"ఇది గిడ్డయ్య ఇంటిది! నా నాయనది! ఎవడ్రా ముట్టేది?"

అరటిపండు ఆయన పిడికిట్లో చితికి వేళ్ళ సందుల్లోంచి కారింది. ఈరన్న వెనక్కి తగ్గి కూచున్నాడు. గురుస్వామి నవ్వలేదు. కండ్లు కిందికి దించుకొని రెండు చేతులూ జోడించినాడు. ఆ దండం తనకు పెట్టినాడా, అమ్మవారికి పెట్టినాడా, తన ఎత్తు పారిందని పెట్టినాడా, మద్దయ్యకు తెలీలేదు. నిన్నా ఈ పొద్దూ చేను మాట ఎత్తని నోరు, గిన్నె పట్టుకొని వంగి వంగి వడ్డించిన నడుము, అన్నీ ఒక్కసారి కండ్ల ముందర తిరిగినాయి.

ముసలాయన లేచి వచ్చి మద్దయ్య తల మీద చెయ్యి పెట్టినాడు. ఆయన కండ్లు నిజంగానే తడిసినాయి. "గిడ్డయ్య బతికొచ్చినాడప్పా" అన్నాడు. చౌడమ్మ పేరు ఎత్తి అందరూ జేకొట్టినారు.

అప్పటికి మద్దయ్యకు తన చేతిలో ఏముందో తెలిసింది.

"ల్యాదు, ల్యాదు... నేను దానికి తీసుకోల్యా. ఆయప్ప మాటంటే రోషానికి..." అని తట్టలో తిరిగి పెట్టబోయినాడు.

"అమ్మ ముందర తీసుకున్నది మళ్ళీ తట్టలోకి పోదు నాయినా" అన్నాడు ముసలాయన.

"నన్ను ఎగేసినారు! గురుస్వామి కావల్లని..."

"నేను నీ పేరన్నా ఎత్తినానా బావా?" అన్నాడు గురుస్వామి. అనలేదు. అందరూ సాక్షులే. అదే మద్దయ్యకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

మద్దయ్య ఆడవాళ్ళ వైపు తిరిగినాడు. సుంకమ్మ తలుపు పట్టుకొని నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. వచ్చి, చితికిన పండును ఆయన చేతిలోంచి తీసి, కొంగుతో ఆయన వేళ్ళు తుడిచింది.

"మధ్యాహ్నం మోటారుకు పోయింటే" అని అంది.

మాట తప్పుదామని మద్దయ్యకు ఆ రాత్రంతా అనిపించింది. తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. నూలు ఇచ్చేవాడుండడు, చీర కొనేవాడుండడు, రేపు కొడుక్కి పిల్లనిచ్చేవాడుండడు. చేను నిలుపుకునేదానికి కులాన్ని ఇడవాలి, కులాన్ని ఇడిస్తే ఒక్క చేనుతో కడుపు నిండదు. తెల్లారి గురుస్వామే బండి కట్టించి రిజిస్టరు కచేరీకి పిలుచుకపోయినాడు. దారిలో రెండుసార్లు, "కాఫీ తాగుతావా బావా?" అని అడిగినాడు. గుమాస్తా కాగితం చదివి వినిపించినాడు. మద్దయ్య బొటనవేలికి సిరా పూసినారు. ఆయన గోడ మీది బల్లిని చూస్తూ వేలు ఆనించినాడు.

కోడుమూరు గ్రామం, హంద్రి ఒడ్డు నల్లరేగడి చేను, మూడెకరాల నలభై రెండు సెంట్లు, బావిలో సగం వాటా, గట్టు మీది రెండు చింతచెట్లతో సహా.